గాలివానకి ముందే ఊరి వాట్సాప్ గ్రూపును సిద్ధం చేసుకోవడం ఎలా: గంజాం తీరంలోని తెలుగు పేటలకు

మా పేట వాట్సాప్ గ్రూపులో మామూలు రోజుల్లో పొద్దున్నే పూల బొమ్మలు, పది గంటలకి చేపల రేటు, సాయంత్రానికి ఎవరిదో పెళ్ళి పత్రిక వస్తాయి. సంద్రంలో అల్పపీడనం అన్న మాట వినబడిందంటే చాలు, అదే గ్రూపుకి పూనకం వస్తుంది. గంటలో వంద మెసేజీలు. వాటిలో పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. అవి కూడా ఎక్కడో పైకి కొట్టుకుపోయి కనబడవు.

ఒడిశాలో గోపాలపూర్‌కి అటూ ఇటూ ఒడ్డు మీద వేట చేసుకుని బతికే మన ఊళ్ళకి ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, సంతలో, ఆఫీసులో ఒడియా. మనల్ని నోలియాలంటారు. పిల్లలు ఒడియా బడిలో చదివారు కాబట్టి తెలుగు గలగలా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవలేరు. ముసలివాళ్ళకి ఏ అక్షరమూ రాదు. ప్రభుత్వ హెచ్చరిక ఒడియా అక్షరాల్లో వస్తుంది. పుకారు మాత్రం తెలుగులో, సూరత్‌లో ఉన్న మన మావ గొంతుతో వస్తుంది. ఏది ముందు చెవికెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి ఊళ్ళో ఎవరో ఒకరు ఆ ఒడియా కబురుని పట్టుకుని, మన మాటలోకి మార్చి, గొంతుతో చెప్పాలి. ఆ పని మీ మీద పడితే ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. చాలా మటుకు తప్పులు చేసి నేర్చుకున్నవే.

ముందు మనుషుల్ని వెతకండి

ఫోన్ సెట్టింగుల కన్నా ముందు ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు ఒడియా బాగా చదవగలవాళ్ళు. ప్లస్ టూ చదివే ఆడపిల్ల అయినా సరే. రెండోవాళ్ళు ఊరు నమ్మే గొంతు ఉన్నవాళ్ళు. పెద్ద బోటు యజమానో, అంగన్‌వాడీ అక్కో, గుడి దగ్గర మాట చెల్లే పెద్దాయనో. చదివేవాళ్ళు అర్థం చెబితే ఈ మనిషి వాయిస్‌లో పలకాలి. చదివిన కుర్రాడే మాట్లాడితే ‘నిన్నగాక మొన్న పుట్టినవాడు మనకి గాలి గురించి చెప్తున్నాడు’ అంటారు. నాకు జరిగింది కాబట్టి చెబుతున్నా. మూడో మనిషి ఒడ్డుకి దూరంగా, బరంపురంలోనో సూరత్‌లోనో ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

గ్రూపులో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూడండి. మా దాంట్లో మొదట్లో దాదాపు అందరూ మగవాళ్ళే. వాళ్ళలో సగం మంది వేటకో, చెన్నై, గోవా బోట్ల మీదకో పోయినవాళ్ళు. గాలి వచ్చిన రోజు ఇంట్లో ఉండేది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. హెచ్చరిక గోవాలో మోగి ఏం లాభం? మహిళా సంఘం గ్రూపులోని ప్రతి ఆడమనిషి నంబరూ చేర్చండి.

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళ జాబితా నోటు పుస్తకంలో రాసి, ఒక్కో ఇంటిని పక్కింటివాళ్ళకి అప్పజెప్పండి. ‘పెద్దమ్మా, కబురు వస్తే నువ్వు ఆ చివరి ఇంటి తాతకి వెళ్ళి చెప్పాలి’ అని పేరు పెట్టి చెప్పండి. అందరూ చెప్పండి అంటే ఎవరూ చెప్పరు.

గ్రూపును రెండు చేయండి

పాత గ్రూపును మూయకండి, జనం ఊరుకోరు. దాన్ని ముచ్చట్లకి వదిలేసి, పక్కన ఇంకోటి తెరవండి. పేరు సూటిగా పెట్టండి: ‘తుఫాను కబురు’, పక్కన మీ ఊరి పేరు. సెట్టింగుల్లోకి వెళ్ళి, మెసేజీలు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. అడ్మిన్లు ముగ్గురు చాలు. ఈ గ్రూపులో పూల బొమ్మ పడకూడదు, దేవుడి బొమ్మ కూడా పడకూడదు. అది మోగిందంటే ఏదో ఉంది అని జనానికి అలవాటు కావాలి. షెల్టర్ ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, ఏ నంబరుకి ఫోన్ చేయాలి అన్న ఒక్క మెసేజీని పైన పిన్ చేసి పెట్టండి. పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది, మళ్ళీ పెట్టుకోవాలి.

కబురు ఎక్కణ్ణించి తీసుకోవాలి

వాతావరణ శాఖకి భువనేశ్వర్‌లో ఒక కేంద్రం, విశాఖపట్నంలో ఒక తుఫాను హెచ్చరికల కేంద్రం ఉన్నాయి. మనకి లెక్క భువనేశ్వర్‌ది. తెలుగు టీవీలో యాంకర్ ఎంత బాగా చెప్పినా ఆయన మ్యాపు ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. ‘శ్రీకాకుళానికి గండం తప్పింది’ అన్నారంటే తుఫాను మనవైపు జరిగిందని కూడా అర్థం కావచ్చు. మా పేటలో ఓసారి ఆ ముక్క విని సంబరపడ్డారు. పడవలు ఒడ్డు మీదకి లాగడం సగంలో ఆపేశారు కూడా.

ఒడిశాలో విపత్తుల పని చూసేది స్పెషల్ రిలీఫ్ కమిషనర్ ఆఫీసు. వాళ్ళ ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతా, భువనేశ్వర్ వాతావరణ కేంద్రం ఖాతా, జిల్లా కలెక్టర్ ఖాతా, ఈ మూడూ ఎండాకాలంలోనే ఫాలో అయి ఉంచుకోండి. గాలి మొదలయ్యాక వెతికితే అదే పేరుతో ఉండే నకిలీ ఖాతాలు తగులుతాయి. జాతీయ విపత్తు సంస్థ వారి సచేత్ యాప్ వేసుకుంటే మీరున్న చోటికి వచ్చే హెచ్చరికలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. పిడుగులకి దామిని యాప్ ఉంది. తుఫాను లేని రోజుల్లో కూడా, వేసవి వానలప్పుడు, అదే ఎక్కువ పనికొస్తుంది.

ఒడియా బులెటిన్ చదివేవాళ్ళకి కొన్ని మాటలు ముందే తెలిసుండాలి. లఘుచాప అంటే అల్పపీడనం. అవపాత అంటే వాయుగుండం. తెలుగు బడి పుస్తకాల్లో అవపాతం అంటే వాన పడటం కాబట్టి, ఆంధ్రాలో చదువుకుని వచ్చిన కోడళ్ళు ఇక్కడ తడబడతారు. గభీర అవపాత అంటే తీవ్ర వాయుగుండం. బాత్యా అంటే తుఫాను, బన్యా అంటే వరద. ఫోన్‌లో గరగరల మధ్య వింటే ఈ రెండూ ఒకేలా వినబడతాయి, అడిగి ఖాయం చేసుకోండి. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే దానికి తుఫాను అని పేరు పెడతారు. కానీ మన పడవ మునగడానికి అంత గాలి అక్కర్లేదు. అందుకే మత్స్యకారుల హెచ్చరిక తుఫానుకి పేరు పెట్టకముందే, రోజుల ముందే వస్తుంది. మన పేటలకి అన్నిటికన్నా ముఖ్యమైన కబురు అదే. జనం మాత్రం పేరు పెట్టేదాకా పట్టించుకోరు.

బులెటిన్ చేతికి రాగానే ముందు దాని మీద ఉన్న తేదీ, గంట చూడండి. తుఫాను దగ్గరపడ్డాక మూడు గంటలకోసారి కొత్తది వస్తుంది. పొద్దుటి బులెటిన్‌ని సాయంత్రం పంపితే అది కూడా పుకారే. రంగుల సంగతి: పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే ఇక పనిలోకి దిగమని. ఎరుపు అనగానే అందరూ ఇళ్ళు ఖాళీ చేయాలని కాదు. ఎవరు ఖాళీ చేయాలో బ్లాకు ఆఫీసు, పంచాయతీ చెబుతాయి. ఇంకో మాట. ‘ఫలానా చోట తీరం దాటుతుంది’ అంటే ఆ ఒక్క ఊరికే గాలి అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను దాటింది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. దెబ్బ తిన్నవాటిలో మన గంజాం, పక్కన గజపతి కూడా ఉన్నాయి.

గొంతుతో చెప్పండి

మొదటిసారి నేను చక్కగా తెలుగులో, పేరాలు విడగొట్టి, పొడుగాటి మెసేజీ రాసి పెట్టాను. మర్నాడు చూస్తే మా అత్త వల ఒడ్డునే వదిలేసింది. అడిగితే ‘నీ గీతలు నాకెందుకురా, నోటితో చెబితే నీ సొమ్మేం పోయింది’ అంది. అప్పటినుంచి వాయిసే. 2019లో ఫణి తుఫానుకి ముందు ఒడిశాలో లక్షల ఎస్సెమ్మెస్‌లు పంపారు. గొప్ప పనే. కానీ చదవలేని మనిషికి ఎస్సెమ్మెస్ అంటే ఫోన్ ఒక్కసారి కూత కూసినట్టే.

వాయిస్ నిమిషం దాటకూడదు. మొదట తేదీ, సంవత్సరంతో సహా. తర్వాత గంట. ఎవరు చెప్పారు, ఏ చోటికి, ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు చెబుతాం. దాదాపు ఇలా:

‘అక్కలూ, అన్నలూ, ఈ రోజు ఫలానా తేదీ, ఫలానా సంవత్సరం, సాయంత్రం ఆరు గంటలు. భువనేశ్వర్ వాతావరణ ఆఫీసు మాట చెబుతున్నా. రేపు పొద్దున్నించి సంద్రం మీదకి ఎవరూ పోవద్దు. పడవలు ఈ రాత్రికే పైకి లాగేయండి, ఇంజన్లు విప్పి ఇంటికి తెచ్చుకోండి. షెల్టర్‌కి రమ్మని ఇంకా చెప్పలేదు. చెప్పగానే నేనే చెబుతా. మళ్ళీ రాత్రి తొమ్మిదికి మాట్లాడతా.’

ఇందులో అన్నిటికన్నా పని చేసేది చివరి వాక్యం. తొమ్మిదికి మాట్లాడతానన్నారంటే జనం తొమ్మిదిదాకా ఆగుతారు, మధ్యలో అడ్డమైనవాటి వెంట పడరు. కొత్త సంగతి లేకపోయినా తొమ్మిదికి వచ్చి ‘కొత్త కబురేం లేదు, ఇందాక చెప్పిందే’ అనండి. ఒక్కసారి ఎగ్గొడితే ఆ రాత్రి గ్రూపు పుకార్లదే.

‘గంటకి నూటపాతిక కిలోమీటర్లు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘రేకులు ఎగిరిపోయే గాలి’ అంటే తెలుస్తుంది. 2013 ఫైలిన్ తుఫాను చూసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారుగా, వాళ్ళకి దానితో పోల్చి చెప్పొచ్చు. కానీ బులెటిన్‌లో ఉన్నదాని కన్నా పెంచి చెప్పకండి. భయపెడితే వింటారని ఓసారి పెంచితే, రెండోసారి నిజం చెప్పినా తగ్గించుకునే వింటారు.

వేటకి పోయేవాళ్ళు రాత్రి రెండు, మూడు గంటలకి లేస్తారు. పోవాలా వద్దా అన్నది ముందురోజు సాయంత్రమే వలలు సర్దుకునేటప్పుడు తేలిపోతుంది. కాబట్టి మీ వాయిస్ సాయంత్రమే పోవాలి. ఒడ్డు కనబడనంత దూరం పోయాక ఏ గ్రూపూ వాళ్ళకి అందదు.

పుకారును పట్టుకోవడం

మన తీరానికి ఒక విచిత్రమైన సంగతుంది. ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖలో దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ అక్టోబరు 11న. అందుకని ‘అక్టోబరు 12న తీరం దాటుతుంది’ అని సంవత్సరం లేకుండా ఒక వీడియో వస్తే, అది ఏ ఏడాదిదైనా కావచ్చు. ప్రతి అక్టోబరులో అవి గోతిలోంచి లేచి వస్తాయి. సంవత్సరం లేని మెసేజీ ఎవరు పంపినా మీరు ముందుకి పంపకండి.

ఊరి పేర్లతో ఇంకో తంటా. ‘రాయగడలో కొండ విరిగి పడింది’ అని వచ్చిందనుకోండి. రాయగడ అనే జిల్లా ఒకటి ఉంది. గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాకు ఉంది. తిత్లీ అప్పుడు బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగి పడింది అక్కడే. మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా మరొకటి. 2023 జూలైలో ఇర్షాల్‌వాడి మీద కొండ కూలింది అక్కడ. మూడింటి ఫొటోలూ ఒకే పేరుతో తిరుగుతుంటాయి. జిల్లా, బ్లాకు, పంచాయతీ మూడూ ఉన్నాయా అని అడగండి.

మెసేజీ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. అలాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. కంపెనీయే అనుమానపడుతున్న సరుకుని మనం ఎందుకు మోయాలి? పంపినవాళ్ళని ఒకే ప్రశ్న అడగండి: ‘నువ్వు చూశావా, విన్నావా?’ విన్నాను అంటే, ఎవరి దగ్గర అని. రెండో మెట్టుకే చాలా పుకార్లు చచ్చిపోతాయి.

పెద్దవాళ్ళని గ్రూపులో అందరి ముందూ తప్పు పట్టకండి. ‘మావా, అది పాతదిలే, తీసేయవా’ అని విడిగా ఫోన్ చేయండి. తీయకపోతే అడ్మిన్‌గా మీరే అందరి దగ్గరా చెరిపేసే వీలుంది. మరీ మొండికేసే కుర్రాళ్ళకి చట్టం సంగతి చెప్పండి: 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అబద్ధపు హెచ్చరికతో జనాన్ని హడలగొడితే ఏడాది దాకా జైలో, జరిమానానో పడొచ్చు. ఈ మాట నేను ఒకేసారి వాడాను, పని చేసింది.

సూరత్ మగ్గాల దగ్గర, చెన్నై రేవుల్లో ఉన్న మనవాళ్ళ టెన్షన్ వేరు. ఇంటికి ఫోన్ కలవదు, టీవీలో ఎర్ర మ్యాపు తిరుగుతుంటుంది, చేతికందింది పంపేస్తారు. తిట్టి లాభం లేదు, పని చెప్పండి. ఏం పనో ఇదిగో.

కరెంటు పోయాక

మొదట పోయేది కరెంటు, తర్వాత టవరు. ఫైలిన్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే ఫోన్లు, పవర్ బ్యాంకులు, చార్జింగ్ లైట్లు నింపి పెట్టండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవి దిగకుండా ఆపేయండి. గాలి మొదలయ్యాక ఊళ్ళో ఫోన్లన్నీ ఒకేసారి వెలగక్కర్లేదు. వంతులు వేసుకోండి: ఒక ఫోన్ తెరిచి ఉంటే మిగతావి ఏరోప్లేన్ మోడ్‌లో. గంటకోసారి ఐదు నిమిషాలు తెరిచి, కబురు చూసి, మూసేయండి. ఫోన్‌ని పాలిథిన్ కవరులో చుట్టండి.

నెట్ లేకపోయినా సన్నటి సిగ్నల్ ఉంటే ఎస్సెమ్మెస్ పోతుంది. ఫోన్ కాల్ తెగిపోయే చోట కూడా పోతుంది. పెద్ద తుఫానుల్లో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తుంది. అంటే మీ కంపెనీ టవరు కూలినా పక్క కంపెనీ టవరు వాడుకోవచ్చు. సిగ్నల్ రాకపోతే సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపికలోకి వెళ్ళి, కనబడే ఇంకో కంపెనీని చేత్తో ఎంచుకుని చూడండి. రేడియో పారేయకండి. బరంపురం ఆకాశవాణి బ్యాటరీ మీద కూడా పలుకుతుంది.

మన తీరంలో తుఫాను సైరన్ టవర్లున్నాయి. ఒడిశా తీరం మొత్తం మీద 122 చోట్ల 2018లో పెట్టారు. సైరన్ మోగితే గ్రూపు చూడ్డానికి కూర్చోకండి, లేచి కదలండి.

ఇక సూరత్ మావ పని. ఆయన దగ్గర కరెంటు ఉంది, నెట్ ఉంది, నిద్ర ఎలాగూ పట్టదు. మీరు మూడు ముక్కలు ఎస్సెమ్మెస్ చేస్తే చాలు, దాన్ని సరిగ్గా రాసి ఎక్స్‌లో అధికారులకి పెట్టడం, కంట్రోల్ రూముకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయడం ఆయన చేస్తాడు. బులెటిన్ చూసి మీకు ఎస్సెమ్మెస్‌లో కుదించి పంపుతాడు. అందుకే మూడో అడ్మిన్ బయట ఉండాలన్నాను.

సాయం అడగడం

ఎక్స్‌లో పెట్టేముందు 112కి ఫోన్ చేయండి. అంబులెన్సుకి 108. జిల్లా కంట్రోల్ రూముకి 1077, రాష్ట్రానిది 1070. సరిహద్దు దగ్గర ఫోన్ అటువైపు టవరు పట్టుకుంటే ఈ పొట్టి నంబర్లు పక్క జిల్లాలో పలకవచ్చు. అందుకని ఛత్రపురంలోని జిల్లా కంట్రోల్ రూము పూర్తి నంబరు ఎస్టీడీ కోడుతో నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

పోస్టు రాసేటప్పుడు ఏడుపు వద్దు, అడ్రసు కావాలి. పేట పేరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా, దగ్గరలో గుడో బడో, ఎంతమంది, వాళ్ళలో గర్భిణులు, ముసలివాళ్ళు ఎందరు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, ఏ గంటకి. ఒడియాలోనో ఇంగ్లిషులోనో రాయించండి, చదివే అధికారికి తెలుగు రాకపోవచ్చు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు కాబట్టి మ్యాపులో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే అంకెలని ఎస్సెమ్మెస్‌లో పంపొచ్చు. సాయం అందగానే ‘అందింది’ అని అక్కడే రాసి, పోస్టు తీసేయండి. లేకపోతే అదే మర్నాడు పుకారై తిరిగి వస్తుంది, రావాల్సిన బోటు ఇంకో ఊరికి వెళ్ళకుండా మన దగ్గరికే మళ్ళీ వస్తుంది.

కొండమీది ఊళ్ళకి ఇదేదీ పూర్తిగా చాలదు. బరఘర దగ్గర జనం గాలికి భయపడి గుహలో తలదాచుకున్నారు. కొండ వాళ్ళ మీదే విరిగింది. సిగ్నల్ లేని అలాంటి చోట్లకి మనిషి నడిచి వెళ్ళి చెప్పాల్సిందే. గజపతిలో, రాయగడలో మీకు చుట్టాలుంటే, దారి తెగకముందే అక్కడికి ఎవరు నడుస్తారో వాళ్ళని ఇప్పుడే అడగండి. వంశధార పొడుగునా ఉన్నవాళ్ళు ఇంకోటి చేయొచ్చు: పైన గునుపూర్‌లో ఒకరిని, కింద కాశీనగర్‌లో ఒకరిని ఒకే గ్రూపులో పెట్టుకుంటే, నీళ్ళు పైన పెరగగానే కింద తెలుస్తుంది.

గాలి తగ్గాక

శవాల ఫొటోలు, షెల్టర్‌లో పడుకున్న ఆడవాళ్ళ ఫొటోలు ఎవరు పెట్టినా వెంటనే తీసేయండి. కూలిన ఇల్లు, చిరిగిన వల, విరిగిన పడవ ఫొటోలు మాత్రం, సర్దకముందే, తేదీ, చోటు పడేలా తీసి దాచుకోండి. రెవెన్యూ వాళ్ళు వచ్చినప్పుడు కావాలి. ‘సాయం డబ్బులు పడతాయి, ఆధార్ ఫొటో గ్రూపులో పెట్టండి’ అంటే పెట్టకండి. కాగితాలు పంచాయతీలో నేరుగా చేతికే ఇవ్వండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే అది మన జేబులోంచి పోయేదే.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం, సెప్టెంబరు చివర్లో ఇంకో ఆదివారం, సాయంత్రం ఆరుకి ఒక ఉత్తుత్తి వాయిస్ పంపండి: ‘ఇది ట్రయల్, గాలి లేదు’ అని మొదటే చెప్పి. ఏడున్నరకి నోటు పుస్తకం పట్టుకుని చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి నడవండి. విన్నారా, ఎవరు చెప్పారు, ఏం చెప్పారు అని అడగండి. మా చివరి ఇంటి తాత పోయినసారి ‘ఏదో గాలి లేదంట, రేపు వేటకి పోవచ్చంట’ అన్నాడు. ట్రయల్ అన్న ముక్క ఆయనకి అందలేదు. ఈసారి ఆ మాట తీసేసి ‘పరీక్షకి పంపిన కబురు’ అంటున్నాం.